ఎడమ చేతి నల్ల గీత

జూలై నెలలోనే, ఎవరూ అనుకోని రోజుల్లో గోదావరికి పెద్ద వరద వచ్చి లంకలన్నీ మునిగాయే, ఆ వరద తర్వాత రెండో ఎండాకాలం అది. సోమవారం పోలింగు. గురువారం పొద్దున యెహెజ్కేలు మొగల్తూరులో బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, రొయ్యల చెరువుల గట్ల మీదుగా ఏటిదిబ్బ చేరాడు.

యెహెజ్కేలు రిటైరైన హెడ్ కానిస్టేబులు. కాపురం రాజమండ్రిలో. స్టేషను గుమ్మం తొక్కడానికి భయపడేవాళ్ళు ఆయన గుమ్మం తొక్కుతారు. మాట తక్కువ. ఆయన ఊరుకుంటే ఎదుటివాడు ఊరుకోలేక ఏదో ఒకటి అనేస్తాడు. ఆయన పనంతా అలా జారిన మాటలతోనే.

ముందు రోజు ఫోను చేసింది సత్యశ్రీ. మొగల్తూరు పక్క ఊళ్ళో పెద్ద కమతం వాళ్ళ కోడలు. ఆవిడా, నరసాపురంలో కుట్టుపని నేర్పే తబితా, ఇంకో అయిదుగురూ కలిసి ‘ఓటుబడి’ అని ఒకటి పెట్టారు. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకి ఓటు వెయ్యడం నేర్పుతారు. ఎవరికి వెయ్యాలో చెప్పరు. ఏ పార్టీ రంగూ తగలకుండా కొబ్బరిపీచు రంగు చీరలు కట్టుకుంటారు, అన్నీ ఒకే తానులోవి. వెళ్ళిన ఊళ్ళో మంచినీళ్ళు కూడా ముట్టరు. ఫలానా వాళ్ళ టీ తాగారని రేపు ఎవరూ అనకూడదని.

“మంగళవారం మధ్యాహ్నం మా చీర కట్టుకుని ఎవరో ఆడమనిషి ఏటిదిబ్బ వెళ్ళిందండి,” అంది సత్యశ్రీ ఫోనులో. గొంతు తగ్గించి మాట్లాడింది. “ఓటు ప్రాక్టీసని చెప్పి పేటలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఎడమ చూపుడువేలి మీద సిరా గీత పెట్టింది. అది కడిగితే పోయేది కాదు. వేలి మీద గీత ఉంటే బూతులో ఓటు వెయ్యనివ్వరు. ఆ మనిషిని పంపింది తబితేనని కేసు పెట్టారు. రేపు సాయంత్రం అరెస్టు అంటున్నారు.”

“మీరు కూడా వస్తారా అక్కడికి?”

“నేను రాలేనండి.”

ఎందుకో చెప్పలేదు. ఫోను పెట్టేసింది. పని అప్పగించిన మనిషి పని జరిగే చోటికి రానంటే యెహెజ్కేలుకి నచ్చదు. ఆ మాట చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

* * *

విచారణకని పిలిపించిన తబిత చర్చి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన కాపలాగా ఒక లేడీ కానిస్టేబులు. పేటలోవాళ్ళెవరూ ఆ దరిదాపుల్లోకి రావడం లేదు.

“అన్నయ్యగారూ, ప్రాక్టీసుకి మేం సిరా వాడం,” అంది తబిత. “గోరింటాకు ముద్ద పెడతాం. అదీ కుడిచేతి చిటికెన వేలికి. నిజం ఓటుకీ ఉత్తుత్తి ఓటుకీ తేడా తెలియాలని.”

“ఇక్కడికి ఎప్పుడొచ్చారు?”

“నెల దాటిందండి. ఒక్కసారే వచ్చాం. ఎంత బాగా జరిగిందనుకున్నారు! మా ఉత్తుత్తి ఓటింగు డబ్బా మీద నాలుగు బొమ్మలుంటాయి. వంకాయ, బెండకాయ, దొండకాయ, ముల్లంగి. మీట నొక్కితే కూత వస్తుంది. అందరూ వేశాక లెక్క చదివాం. ఒకటీ అరా తప్ప అన్నీ బెండకాయకే. ఎవరూ తడబడలేదని చప్పట్లు కూడా కొట్టాను.”

“లెక్క ఎవరి ముందు చదివారు?”

“అందరి ముందూ. మగవాళ్ళు కూడా కిటికీల దగ్గర నిలబడి చూశారు. ఎందుకండీ?”

“మీ చీరలు అన్నీ ఉన్నాయా?”

“నాది ఒంటి మీదే ఉంది. మిగతావాళ్ళవి పోలీసులు చూశారు.” తబిత తన కొంగు వైపు చూసుకుంది. “సత్యశ్రీది ఇస్త్రీకి వెళ్ళిందట.”

“ఎవరు చెప్పారు?”

“తనే.”

లేడీ కానిస్టేబులు తలెత్తి యెహెజ్కేలు వైపు చూసి, మళ్ళీ తన ఫోనులోకి చూసుకుంది.

* * *

సిరా పడిన ఆడవాళ్ళలో నోరున్న మనిషి మెర్సీ అని ఆటో వాడే చెప్పాడు. ఆవిడ మొగుడు పెదబాబు రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు. తుఫాను షెల్టరు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. తబిత మీద ఫిర్యాదు ఇచ్చింది కూడా ఆయనే.

మెర్సీ కుళాయి దగ్గర బిందె దింపి ఎడమ చెయ్యి చాపింది. గోరు మొదలు నుంచి కణుపు దాకా నల్లటి గీత. చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయింది.

“చూడండి బాబాయిగారూ! నిమ్మకాయ రుద్దాను, కుంకుడుకాయ రుద్దాను, రాతి మీద పెట్టి అరగదీశాను. తోలూడింది గానీ ఇది ఊడలేదు. పెట్టినప్పుడు నీళ్ళలా ఉందండి. మేకల్ని తోలుకురావడానికి ఎండలోకి వెళ్తే నల్లబడింది.”

“ఎడమ చెయ్యి ఎందుకిచ్చారు?”

“నేనూ అదే అన్నానండి, ఎడం చెయ్యి చాపడం ఏంటండీ, బాగోదు కదా అని. నిజం ఓటుకి ఇదేనమ్మా, అలవాటు చేసుకోవాలి అంది. చదువుకున్న మనిషి చెప్తే కాదంటామా?”

“మొహం చూశారా?”

“మూతికి మాస్కు, నెత్తి మీద కొంగు. ఎండ కదా అనుకున్నాం. టీ తాగేటప్పుడు కూడా గోడ వైపు తిరిగి తాగింది మహాతల్లి.”

యెహెజ్కేలు తలెత్తాడు. “టీ తాగిందా?”

“ఆయ్! రెండు గ్లాసులు. బిస్కెట్లు కూడా.”

“ఓటుబడి వాళ్ళు తాగరుగా.”

“అదేనండి మరి. పోయినసారి తబిత గారు ఎండకి సోలిపోతున్నా మజ్జిగ ముట్టలేదు. మాకు కోపం కూడా వచ్చింది, మా చేతి నీళ్ళకి పనికిరామా అని. తర్వాత చెప్పారనుకోండి, అది వాళ్ళ పద్ధతని. ఈవిడ అడగ్గానే తాగితే, పోన్లే కలిసిపోయే మనిషి అనుకున్నాం. మా బుద్ధి అలా తగలడింది!”

“టీ ఎవరు తెచ్చారు?”

“ఇంకెవరు, మా ఆయన! ఫ్లాస్కులో పోసుకుని షెల్టరు మేడ మీదికి మోసుకొచ్చాడు. పెళ్ళయిన కాణ్ణుంచీ నాకు జొరమొచ్చినా పొయ్యి ముట్టించిన పాపాన పోలేదండి. పరాయి ఆడది వచ్చేసరికి అల్లం దంచి మరీ కాచాడు.”

కుళాయి చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మెర్సీ కూడా నవ్వింది. యెహెజ్కేలు నవ్వలేదు. “షెల్టరు తాళం ఇప్పించండి,” అన్నాడు.

* * *

తుఫాను షెల్టరు రెండంతస్తుల కట్టడం. కింద స్తంభాలు, పైన హాలు. మంగళవారం తర్వాత ఎవరూ ఊడవలేదు. బిస్కెట్ కాగితాలు మూలకి చేరాయి. ఆడవాళ్ళు కూర్చున్న వైపు గచ్చు మీద అక్కడక్కడా చిన్న చిన్న చుక్కలున్నాయి. నీడలో ఉన్నవి లేత ఊదా రంగులో, గుమ్మం దగ్గర ఎండ పడేవి నల్లగా ఉన్నాయి.

ఆయన చుక్కల వెంట నడిచాడు. అవి వరసగా వెళ్ళి తూర్పు కిటికీ దగ్గర ఆగాయి. ఆడవాళ్ళు కూర్చున్నది పడమటి వైపు. తూర్పు వైపు వాళ్ళకేం పని లేదు.

కిటికీ అరుగు మీద గుండ్రంగా ఒక మరక. చీమలు పట్టి ఉంది. ఫ్లాస్కు అడుగున కారిన తీపి టీ. దాని పక్కనే, జానెడు దూరంలో, నల్లగా ఒక వేలి ముద్ర. బొటనవేలు. యెహెజ్కేలు తన బొటనవేలిని దాని మీద ఆనించకుండా పెట్టి చూశాడు. ఆయనది సన్నటి చెయ్యి కాదు. అయినా ముద్ర ఆయన వేలి కంటే వెడల్పుగా ఉంది.

“ముట్టుకోకండి గురువుగారూ,” అంది వెనక నుంచి గొంతు. “మేం ఫొటోలు తీసేశాం.”

వెంకటరాజు. భీమవరంలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. ఏసీ ఆఫీసు, ఇద్దరు అసిస్టెంట్లు, ఒక డ్రోను. ఓటుబడి బండారం బయటపెట్టమని ఈ నియోజకవర్గంలో పోటీ చేస్తున్న ఒక అభ్యర్థి మనుషులు అతన్ని పెట్టుకున్నారు. ఆ సంగతి అతనేమీ దాచుకోడు.

“ఇంకా బస్సుల్లోనే తిరుగుతున్నారా?”

“సీటు దొరికింది.”

“మీకు అనవసరంగా శ్రమ. కేసు అయిపోయింది. ఆ చీర బజార్లో దొరకదు, ఆ తాను మొత్తం తబితే కొనేసింది. అంటే వాళ్ళ ఏడుగురిలోనే ఎవరో. ఆరు చీరలు కనబడ్డాయి, ఏడోది లేదు. మీ క్లయింటుని అడిగారా ఏదమ్మా చీర అని?”

“ఇస్త్రీకి వెళ్ళిందంటున్నారు.”

“ఆ ఊరి ఇస్త్రీ బండి బుల్లియ్యని నేనే అడిగాను. రాలేదన్నాడు.” వెంకటరాజు దగ్గరికొచ్చాడు. “అబద్ధం చెప్పే ఆడదాని తరఫున వచ్చారు మీరు. పార్టీ లేదంటే నమ్మేయడమే? ఈ జిల్లాలో పార్టీ లేని మనిషిని ఒక్కణ్ణి చూపించండి, డ్రోను మీకిచ్చేస్తా.”

“ఈ ముద్ర ఎవరిది?”

“ఎవడో కూలాడిది అయ్యుంటుంది. దాంతో ఏం పని?”

“మంగళవారం ఇక్కడ టీ తాగారు.”

“ముప్ఫై మంది ఓటు పోతే మీకు టీ కావాలా!”

యెహెజ్కేలు కిటికీ రెక్క మూసి మెట్లు దిగాడు. సత్యశ్రీ అబద్ధం చెప్పిందన్న మాట మాత్రం ఆయనతో పాటే దిగింది. ఎవరి కోసం చెప్పింది? తన కోసమైతే పిలిచి మరీ డిటెక్టివుని పెట్టుకోదు.

* * *

షెల్టరు కింద నీడలో పేట ఆడవాళ్ళంతా చేరారు. తబితనీ, లేడీ కానిస్టేబులునీ అక్కడికే రమ్మన్నాడు యెహెజ్కేలు. వెంకటరాజు ఎవరూ పిలవకుండానే వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పెదబాబు చెరువు గట్టు మీద నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద చేతులు. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

“మంగళవారం టీ మీరే కాచారా?” అని అడిగాడు యెహెజ్కేలు.

“ఆయ్. మన ఊరొచ్చిన మనిషిని ఊరికే పంపుతామేంటండి. మర్యాద కాదు కదా.”

“పోయినసారి తబిత గారొచ్చినప్పుడు కాచారా?”

“లేదండి. వాళ్ళు తాగరుగా.”

“ఎవరు తాగరు?”

“ఓటుబడి వాళ్ళండి. నీళ్ళు కూడా ముట్టరు. పేటంతా తెలుసు.”

“మరి ఈవిడ తాగుతుందని మీకెలా తెలిసింది?”

పెదబాబు గుడ్డ చుట్టిన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. యెహెజ్కేలు ఇంకేమీ అడగలేదు. అలా చూస్తూ ఊరుకున్నాడు. చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడడం లేదు. వెంకటరాజు స్తంభం మీద నుంచి వీపు తీశాడు.

“మామూలుగా... వచ్చింది కదాని కాచానండి...”

“అల్లం దంచి మరీ,” అంది మెర్సీ. ఇందాక కుళాయి దగ్గర నవ్వినట్టు అనలేదు. లేచి మొగుడి ముందుకి వచ్చింది. “వేలికేమైందయ్యా?”

“చెప్పాను కదే. రొయ్య ముల్లు గుచ్చుకుంది.”

“ఏదీ చూడనీ.”

“మెర్సీ, ఊరుకో. అందరి ముందూ...”

ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని గుడ్డ విప్పింది. ముల్లు గాయం లేదు. బొటనవేలు సగానికి నల్లగా ఉంది. మెర్సీ తన ఎడమ చూపుడువేలిని దాని పక్కన పెట్టింది. రెండూ ఒకే నలుపు.

“చెరువు నీళ్ళలో ఉప్పు చూడడానికి ల్యాబులో వాడే మందది,” అన్నాడు యెహెజ్కేలు. “ఒంటికంటితే ఎండకి నల్లబడుతుంది. సీసా మూత విప్పింది మీరు. చెయ్యి కిటికీ అరుగు మీద ఆన్చారు.”

పెదబాబు పెళ్ళాం వైపు చూశాడు. తర్వాత తబిత వైపు తిరిగి, ఏడుపో కోపమో తెలియని గొంతుతో అరిచాడు.

“వంకాయకి వెయ్యమంటే బెండకాయకి వేశారండి!”

ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. యెహెజ్కేలుకి అర్థమైంది.

“చెప్పండి,” అన్నాడు.

“మీ డబ్బా వస్తోందని తెలిసి ముందు రోజే మగాళ్ళం అనుకున్నామండి. ఉత్తుత్తి ఓటే కదా, ఇంట్లో మన మాట ఎంతవరకు సాగుతుందో చూద్దామని. ఎవరింట్లో వాళ్ళం చెప్పాం, వంకాయ నొక్కండి అని. అందరూ సరేనన్నారు. మెర్సీ కూడా తలూపింది. తీరా ఈవిడ లెక్క చదివేసరికి...” ఆయన గొంతు పడిపోయింది. “అప్పటికే నేను మాట ఇచ్చేశానండి, మా పేట ఓట్లన్నీ ఒక్క గుర్తుకే పడతాయని. కూరగాయలకే మా మాట వినని వాళ్ళు అసలు ఓటుకి వింటారా? అసలు వెయ్యకుండా ఉంటే నయం కదా అనిపించింది.”

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళ మొగుళ్ళు ఇద్దరు ముగ్గురు దూరంగా గట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు, అలాగే జారుకున్నారు.

తబిత రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. “ఓటు ఎవరికీ చెప్పకూడదని నేర్పింది నేను. మైకు పట్టుకుని చదివిందీ నేనే. ఎంత పని చేశాను!”

మెర్సీ అరవలేదు. “ఎందుకు బెండకాయకి వేశానో ఆ రోజే అడిగితే చెప్పేదాన్ని కదయ్యా,” అంది. “అడగడం మానేసి నా వేలు నల్లగా చేయించావా?”

“ఎన్నికల అధికారి దగ్గరికి వచ్చి ఈ మాట చెప్పండి,” అన్నాడు యెహెజ్కేలు. “మోసం జరిగిందని నమ్మితే వీళ్ళకి వేరే వేలికి సిరా వేసి ఓటు వెయ్యనివ్వొచ్చు. ఈవిడ మీద కేసూ పోతుంది. చెప్పకపోతే రెండూ లేవు.”

పెదబాబు తల అడ్డంగా ఊపాడు. “నా ఒక్కడి మాట నిలవదండి. అంతా నేనే చేశానని నన్నే లోపలేస్తారు. ఆ మనిషిని నేను తేలేదు, ఆ చీర నేను తేలేదు. చీర గలావిడ వచ్చి, నా చీర ఇంట్లోంచి తీశారు అని చెప్తే, అప్పుడు నేనూ చెప్తాను.”

“మాట ఎవరికిచ్చారు?”

“చెరువుల ఓనరు గారికి. గణేష్‌బాబు గారు. సీసా ఆయన ల్యాబుదే. ఆ మనిషినీ ఆయనే కార్లో పంపించారు, చీర కట్టించి.”

“చీర ఎక్కడిది?”

“వాళ్ళింట్లోదేనండి.” పెదబాబు ఆశ్చర్యంగా చూశాడు. “మీకు తెలీదా? సత్యశ్రీ గారి మొగుడే కదండీ ఆయన.”

వెంకటరాజు గొంతు సవరించుకున్నాడు. “నేనీ మాట వినలేదు,” అన్నాడు. “నన్ను పెట్టుకున్నవాళ్ళకి డబ్బూ దన్నూ అన్నీ ఆ గణేష్‌బాబే.” ఎవరి వైపూ చూడకుండా కారు వైపు నడిచాడు. లేడీ కానిస్టేబులు మాత్రం పక్కకి వెళ్ళి ఫోను చేసుకుని వచ్చింది. “రేపు మధ్యాహ్నం దాకా ఆగుతామన్నారండి సార్. ఆ తర్వాత నా చేతుల్లో లేదు,” అంది.

యెహెజ్కేలు ఎండలోకి నడిచి సత్యశ్రీకి ఫోను కలిపాడు. నేను రాలేనండి అని ఆవిడ ఎందుకందో, ఇస్త్రీ అబద్ధం ఎవరికి భయపడి చెప్పిందో ఇప్పుడు తెలిసింది. చాలాసేపు మోగాక ఎత్తారు.

“చెప్పండి, యెహెజ్కేలు గారూ,” అంది ఒక మగ గొంతు. తీరుబాటుగా, మర్యాదగా.

ఆయన ఫోను చెవికి నొక్కి పట్టుకున్నాడు.

“మా ఆవిడకి ఒంట్లో బాగోలేదండి. ఎన్నికలయ్యేదాకా గదిలోంచి బయటికి రాదు. ఈ ఫోను నా దగ్గరే ఉంటుంది. రాజమండ్రి నుంచి ఇంత దూరం వచ్చారు, ఎండగా ఉంది, జాగ్రత్తగా వెళ్ళిపోండి.”

ఆ మాటల వెనక ఎక్కడో తలుపు బాదుతున్న చప్పుడు వినబడింది. ఆగి ఆగి, అరచేత్తో. ఫోను కట్టయింది.

యెహెజ్కేలు వెనక్కి తిరిగాడు. మెర్సీ అక్కడే నిలబడి ఉంది. ఆయన మొహం చూసి ఏమీ అడగలేదు. “ఎన్నింటికి బయల్దేరదాం బాబాయిగారూ?” అంది.

మర్నాడు పొద్దున చీకటితోనే ఆయన గణేష్‌బాబు ఇంటి ముందు ఆటో దిగాడు. వెనక వరసగా నాలుగు ఆటోలు ఆగాయి. తబిత, మెర్సీ, పేట ఆడవాళ్ళందరూ దిగారు. ఆఖరి ఆటోలోంచి, డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్న పెదబాబు దిగాడు. గేటుకి లోపలి నుంచి తాళం వేసి ఉంది. “అయ్యగారు ఎవర్నీ రానివ్వద్దన్నారండి,” అన్నాడు వాచ్‌మన్. “సత్యశ్రీ గారు బయటికొచ్చి చెప్పేదాకా కదలం,” అంది మెర్సీ. యెహెజ్కేలు గేటు పక్క స్తంభానికి ఉన్న బెల్లు మీద వేలు పెట్టాడు. లోపల కుక్క మొరిగింది, మేడ మీద లైటు వెలిగింది, వాచ్‌మన్ బతిమాలాడు. ఆయన వేలు తియ్యలేదు.